పాత కారు నడుము వంగితే..

బెడోక్‌: సింగపూర్‌లో 35 ఏళ్లు దాటిన కారును క్లాసిక్‌ పథకం కింద ఉంచుకోవచ్చు గానీ, ఏడాదికి 45 రోజులకు మించి రోడ్డెక్కించడానికి లేదు. మిగతా కాలమంతా అది నిలిచే ఉంటుంది. కదలకపోయినా వెనక బరువంతా కమాను కట్టల మీదే కదా! బెడోక్‌ సముద్రపు గాలి తోడైతే పట్టీల మధ్య తుప్పు పేరుకుంటుంది.

మోరిస్‌ మైనర్‌కైనా, ఒకప్పుడు మన పెళ్లిళ్లకు పది మందిని మోసిన అంబాసిడర్‌కైనా వెనక ఉండేవి ఈ కట్టలే. కారు వెనక ఒక పక్కకు ఒరిగినా, గతుకులో దబ్బుమన్నా వాటినే అనుమానించాలి. పెద్ద పట్టీ విరిగితే ఇరుసే పక్కకు జరిగిపోతుంది.

విజయవాడ ఆటోనగర్‌లో లారీ పట్టీలకు మళ్లీ వంపు కొట్టించడం మనవాళ్లకు అలవాటే. తుప్పు తిన్న పట్టీకి ఆ పొదుపు పనికిరాదు. ఒకవైపే మారిస్తే ఒరుగు పోదు, రెండూ మార్చాల్సిందే. యూ బోల్టులు, బుష్‌లు కూడా కొత్తవే వేయించండి. హెచ్‌డీబీ పార్కింగ్‌లో జాకీ మీద చేసే పని కాదిది. పక్కనే కాకి బుకిత్‌లో వర్క్‌షాపులున్నాయి. అక్కడ ఒక్కటి గమనించండి: కారు చక్రాల మీద నిలిచాకే బుష్‌ల బోల్టులను చివరిగా బిగించాలి. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి తొందరగా చిరిగిపోతుంది.