నగిషీ బీరువాలో పులుపు

పిడుగురాళ్ల సున్నపు బట్టీల తెల్లటి దుమ్ము పల్నాడులో అందరికీ తెలిసిందే. గాజుకూ సున్నం కావాలి. ఇసుక, సోడా మాత్రమే కలిపి కరిగిస్తే వచ్చే గాజు నీళ్లలో కరిగిపోతుంది. సున్నం చేరితేనే అది నిలుస్తుంది. పందొమ్మిదో శతాబ్దపు సంపన్నులు తమ కళాఖండాలను పదిమందికీ చూపించుకున్న నగిషీ బీరువాలకు ప్రాణం ఆ గాజే.

ఇంగ్లండ్‌లో గాజు మీద పన్ను 1845లో ఎత్తేశారు. ఆ తర్వాత ఆరేళ్లకే, 1851లో, లండన్‌లో క్రిస్టల్ ప్యాలెస్ అనే గాజు భవనానికి దాదాపు 3 లక్షల గాజు పలకలు బిగించారు. బీరువాల్లో వెనక బిగించే అద్దాలకు పూతగా మొదట్లో తగరం, పాదరసం వాడేవారు. ఆ పాదరసం ఆవిరి పీల్చి పనివాళ్లు జబ్బుపడేవారు. జర్మన్ రసాయనవేత్త లీబిగ్ 1835లో గాజు మీద వెండి పేరుకునే పద్ధతి కనుక్కున్నాక క్రమంగా ఆ విషం వదిలింది.

వెనక అద్దం పెడితే వస్తువు వీపు కూడా కనబడుతుంది. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒకే సికమోర్ దుంగలో చెక్కిన జంట బొమ్మ ఉంది. ఎదుట నిలబడితే మెఫిస్టోఫిలిస్ అనే దెయ్యం, వెనక అద్దంలో తలవంచుకున్న మార్గరెట్టా అనే యువతి. అద్దం లేకపోతే ఆ శిల్పం సగమే.

అయితే ఈ బీరువాలు తమలో దాచుకున్నదాన్నే తినేశాయి. ఓక్ కర్ర ఏళ్ల తరబడి ఎసిటిక్ ఆమ్లపు ఆవిరి వదులుతుంది, అంటే వెనిగర్‌లోని పులుపే. తలుపు ఎంత బిగుతుగా పడితే ఆవిరి లోపల అంత పేరుకుంటుంది. దుమ్ము చొరకుండా వడ్రంగి చూపిన పనితనమే హాని చేసిందన్నమాట! సొరుగుల్లోని గవ్వల మీద తెల్లటి పొక్కులు లేస్తే, 1899లో బైన్ అనే ఆంగ్లేయుడు అది సూక్ష్మజీవుల పని అనుకున్నాడు. నిజానికి ఆమ్లం గవ్వలోని కాల్షియం కార్బొనేట్‌ను కొరికింది. మన పల్నాటి సున్నపురాయి కూడా ప్రధానంగా అదే పదార్థం. సీసానికి ఇంకా ప్రమాదం, అది తెల్లటి పొడిగా రాలిపోతుంది. మన శాతవాహనులు సీసంతోనూ నాణేలు వేశారు కాబట్టి ఈ సంగతి మనకు మరీ ముఖ్యం.

దీనికి విరుగుడు చూపినవాడు బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసిన ఆండ్రూ ఆడీ. ఆయన 1973లో ప్రకటించిన పరీక్ష చాలా సులువు. బీరువాకు వాడబోయే కర్ర ముక్కను కాస్త నీటితో, వెండి, రాగి, సీసం రేకులతో గాజు సీసాలో మూసి, 60 డిగ్రీల వేడిలో 28 రోజులు ఉంచుతారు. రేకులు మసకబారితే ఆ కర్ర పనికిరాదు.

పాత బీరువాలను మాత్రం పారేయనక్కర్లేదు. నగిషీని ముట్టుకోకుండా, లోపలి చెక్కకు ఆవిరిని ఆపే అల్యూమినియం పొర తొడిగితే చాలావరకు సరిపోతుంది.