మార్చిన మదర్‌బోర్డు పనిచేయనప్పుడు: అన్వయ వ్యతిరేకాల ఆధారంగా దోషనిర్ధారణ

వ్యాససంగ్రహం:
చెడిపోయిన కంప్యూటర్‌కు మదర్‌బోర్డు మార్చిన తరువాత కూడా అది పనిచేయకపోతే, తెచ్చిన బోర్డు కూడా చెడ్డదేనని నిర్ణయించడం పరిపాటి. సాధ్యమైన నాలుగు కారణాలలో అది ఒకటి మాత్రమే. మిగిలిన మూడింటిని పరీక్షించకుండా ఈ నిర్ణయానికి వస్తే మూడో బోర్డు కూడా పాడయ్యే అవకాశం ఉంది. పరిశోధన ఫైళ్లకూ ముప్పు వాటిల్లవచ్చు. భారతీయ తర్కశాస్త్రంలోని అన్వయం, వ్యతిరేకం, ఉపాధి అనే భావనల వెలుగులో ఈ దోషనిర్ధారణ క్రమాన్ని వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: మదర్‌బోర్డు, దోషనిర్ధారణ, అన్వయ వ్యతిరేకాలు, ఉపాధి, ఎస్‌ఎంపీఎస్, దత్తాంశ పరిరక్షణ.

1. ఉపోద్ఘాతం:

తెలుగు శాఖలలోను, గ్రంథాలయాలలోను, చిన్న ముద్రణాలయాలలోను పదిహేను, ఇరవై ఏళ్ల నాటి కంప్యూటర్లు ఇంకా వాడుకలో కనిపిస్తాయి. దీనికి పొదుపు ఒక్కటే కారణం కాదు. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి రూపంలోనే తెలుగుకు చోటు దక్కింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంటు వచ్చింది. అయినా ఆ తరువాత కూడా చాలాకాలం తెలుగు డీటీపీ పని యూనికోడేతర ఫాంట్లలోనే సాగింది. ఆ ఫాంట్లలో కూర్చిన సిద్ధాంతవ్యాసాలు, గేయ సంకలనాలు, పదసూచికలు ఆ ఫాంటూ ఆ సాఫ్ట్‌వేరూ ఉన్న యంత్రంలోనే సరిగా తెరుచుకుంటాయి. పాత సాఫ్ట్‌వేరు కొత్త విండోస్‌లో పనిచేయకపోవచ్చు. అందువల్ల యంత్రం ఆగిపోయినప్పుడు కొత్తది కొనడం కన్నా, అదే నమూనా మదర్‌బోర్డు వెతికి తెచ్చి వేయించడమే మార్గంగా కనిపిస్తుంది.

ఆ నమూనాల తయారీ ఎప్పుడో ఆగిపోయింది కాబట్టి దొరికే బోర్డు చాలాసార్లు ఒకరు వాడి వదిలినదో, మరమ్మతు చేసి మళ్లీ అమ్మకానికి పెట్టినదో అయి ఉంటుంది. దాన్ని బిగించి స్విచ్ నొక్కితే ఫ్యాన్ తిరుగుతుంది గాని తెరమీద ఏమీ కనిపించదు. ఒక్కొక్కప్పుడు ఫ్యాన్ కూడా తిరగదు. ఈ దశలో ఏం చేయాలన్నదే ఇక్కడి ప్రశ్న.

2. నిర్ణయంలో జరిగే పొరపాటు:

పొగను బట్టి నిప్పును ఊహించేటప్పుడు నైయాయికులు రెండు వైపుల నుంచీ ఆధారం వెదకుతారు. వంటశాలలో పొగ ఉంది, నిప్పు ఉంది, ఇది అన్వయం. మడుగులో నిప్పు లేదు, పొగా లేదు, ఇది వ్యతిరేకం. అయితే నిప్పును బట్టి పొగను ఊహించడం చెల్లదు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పు ఉన్నా పొగ ఉండదు. పొగ రావాలంటే నిప్పుకు తడికట్టె తోడు కావాలి. ఇలా చాటున ఉండి ఫలితాన్ని శాసించే అంశమే ఉపాధి. 17వ శతాబ్దికి చెందిన అన్నంభట్టు తర్కసంగ్రహం ద్వారా ఈ భావనలు తెలుగు, సంస్కృత విద్యార్థులకు సుపరిచితాలు.

"కొత్త బోర్డు వేశాం, యంత్రం నడవలేదు, కాబట్టి బోర్డు చెడ్డది" అనే వాదంలో అన్వయం మాత్రమే ఉంది. వ్యతిరేకం లేదు, ఉపాధి ఉందేమోనన్న విచారణా లేదు. నిజానికి మొదటి బోర్డుతో నడవని యంత్రం రెండో బోర్డుతోనూ నడవలేదంటే, ఆ రెండు సందర్భాలలోనూ మారకుండా ఉన్నవి మిగిలిన భాగాలే. ఎస్‌ఎంపీఎస్, ప్రాసెసర్, ర్యామ్, క్యాబినెట్, తీగలు అన్నీ అవే. అనుమానం మొదట వీటి మీదికే పోవాలి. సాధ్యమైన కారణాలను ఇలా వర్గీకరించవచ్చు:

అ) మొదటి బోర్డు అసలు చెడిపోలేదు; దోషం మరో భాగంలో ఉంది.
ఆ) రెండో బోర్డు మంచిదే గాని, ప్రాసెసర్‌తోనో ర్యామ్‌తోనో దానికి పొత్తు కుదరలేదు.
ఇ) రెండో బోర్డు మంచిదే గాని, బిగించడంలో పొరపాటు జరిగింది, లేదా దెబ్బతింది.
ఈ) రెండో బోర్డు నిజంగానే లోపభూయిష్టం.

నాలుగో కారణాన్ని నిర్ధారించాలంటే మొదటి మూడింటినీ తొలగించుకుంటూ రావాలి.

3. పరీక్షకు ముందు దత్తాంశ రక్షణ:

పరీక్షలు మొదలుపెట్టక ముందే హార్డ్‌డిస్కును యంత్రం నుంచి విడదీయాలి. తగిన యూఎస్‌బీ అడాప్టర్ ద్వారా దాన్ని మరో కంప్యూటర్‌కు తగిలించి, ఫైళ్లతో పాటు ఫాంట్లను కూడా రెండు చోట్ల భద్రపరచాలి. బోర్డు పోయినంత మాత్రాన డిస్కులోని సమాచారం పోదు. అది పోయేది తరచుగా మరమ్మతు సమయంలో "ఫార్మాట్ చేస్తే సరిపోతుంది" అన్న సలహా వల్ల.

ఇటీవలి యంత్రాల విషయంలో మరో జాగ్రత్త అవసరం. డిస్కు బిట్‌లాకర్‌తో సంకేతబద్ధమై ఉంటే దాని తాళం సాధారణంగా టీపీఎం అనే భద్రతా వ్యవస్థతో ముడిపడి ఉంటుంది. బోర్డు మారితే ఆ ముడి తెగుతుంది. అప్పుడు 48 అంకెల రికవరీ కీ ఉంటే తప్ప డిస్కు తెరుచుకోదు. యంత్రం బాగా పనిచేస్తున్న రోజుల్లోనే ఆ కీని కాగితం మీద రాసిపెట్టుకోవడం మేలు.

4. పొత్తు కుదరకపోవడం:

సాకెట్‌లో ప్రాసెసర్ చక్కగా అమరినంత మాత్రాన రెండింటికీ పొత్తు ఉన్నట్టు కాదు. ఎల్‌జీఏ 1151 సాకెట్ ఇందుకు మంచి ఉదాహరణ. 2015లో ఇంటెల్ ఆరో తరం ప్రాసెసర్లతో వచ్చిన ఈ సాకెట్ ఏడో తరానికీ ఉపయోగపడింది. 2017లో వచ్చిన ఎనిమిదో తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కూడా 1151 స్పర్శబిందువులు గలవే. కాని వాటికి 300 శ్రేణి చిప్‌సెట్ ఉన్న బోర్డు కావాలి. 100, 200 శ్రేణుల బోర్డులలో అవి ఇమిడిపోతాయి గాని నడవవు. కొలతలు చూసి కొన్నవారికి ఇది లోపంగానే కనిపిస్తుంది.

బయోస్ పాతది కావడం ఇలాంటి మరో కారణం. 2018లో వచ్చిన బీ450 బోర్డులు, 2020 నవంబరులో విడుదలైన రైజెన్ 5000 శ్రేణి ప్రాసెసర్లను గుర్తించాలంటే బయోస్‌ను తాజాపరచాలి. అది జరగకపోతే బోర్డూ ప్రాసెసర్ రెండూ మంచివే అయినా తెర చీకటిగానే ఉంటుంది. అందువల్ల బోర్డు మీద అచ్చయిన నమూనా పేరునూ, దాని సవరణ సంఖ్యనూ చూసి, తయారీదారు ప్రకటించిన ప్రాసెసర్ల పట్టికతో సరిపోల్చడం తొలి పరీక్ష. ఇందుకు స్క్రూడ్రైవర్ కూడా అక్కరలేదు.

5. బిగింపులో దొర్లే పొరపాట్లు:

ఎల్‌జీఏ రకపు సాకెట్లలో సన్నని పిన్నులు ప్రాసెసర్‌కు కాక బోర్డుకే ఉంటాయి. ఒక్క పిన్ను వంగినా యంత్రం మొరాయించవచ్చు, లేదా ర్యామ్‌లో ఒక భాగం కనిపించకుండా పోవచ్చు. ప్రాసెసర్ అమర్చక ముందే ఏటవాలు వెలుగులో సాకెట్‌ను పరిశీలించి ఫొటో తీసి ఉంచుకోవాలి. పిన్నులు వంగిన బోర్డును వెనక్కి తీసుకోవడానికి అమ్మకందారు ఒప్పుకోకపోవడం సహజం. అవి ఎవరి చేతిలో వంగాయో తేల్చడానికి ఆ ఫొటో ఒక్కటే ఆధారం.

విద్యుత్ కనెక్షన్ల సంగతి కూడా ఇలాంటిదే. 24 పిన్నుల ప్రధాన కనెక్టర్‌తో పాటు, ప్రాసెసర్ పక్కన 4 లేదా 8 పిన్నుల 12 వోల్టుల కనెక్టర్ కూడా పెట్టాలి. ఇది మరిచిపోతే ఫ్యాన్లు తిరుగుతాయి గాని ప్రాసెసర్ మేలుకోదు. గ్రాఫిక్స్ కార్డుకు ఉద్దేశించిన 8 పిన్నుల తీగ చూడటానికి ఇలాగే ఉన్నా అందులో ధన రుణ స్థానాలు వేరు. బలవంతంగా దూర్చితే నష్టమే. క్యాబినెట్‌లో పాత బోర్డు కోసం బిగించిన ఇత్తడి స్టాండాఫ్‌లలో ఒకటి కొత్త బోర్డుకు రంధ్రం లేనిచోట మిగిలిపోతే, అది వెనుకవైపు తాకి షార్ట్ సర్క్యూట్‌కు దారితీస్తుంది.

6. కనీస సామగ్రితో పరీక్ష:

బోర్డును క్యాబినెట్ నుంచి తీసి అట్టపెట్టె మీద ఉంచాలి. యాంటీస్టాటిక్ సంచి వెలుపలి పొరలో విద్యుత్తు ప్రవహించే అవకాశం ఉన్నందున దాని మీద పెట్టి నడపరాదు. ప్రాసెసర్, దాని కూలర్, ఒకే ఒక్క ర్యామ్, ఎస్‌ఎంపీఎస్, మానిటర్ తప్ప మిగిలినవన్నీ తీసివేయాలి. 3 వోల్టుల సీఆర్2032 బ్యాటరీని మార్చి, బయోస్ అమరికలను తొలి స్థితికి తేవాలి. ఏ భాగం తీయాలన్నా పెట్టాలన్నా ముందుగా గోడ ప్లగ్ తొలగించాలి.

1981 నాటి ఐబీఎం పీసీ నుంచి కూడా కంప్యూటర్ వెలిగిన వెంటనే తనను తాను పరీక్షించుకుంటుంది. ఆ ఫలితాన్ని బీప్ శబ్దాల ద్వారా తెలియజేసే పద్ధతీ అప్పటిదే. ఇప్పటి క్యాబినెట్లలో చాలావాటికి స్పీకర్ ఉండదు కాబట్టి చిన్న స్పీకర్‌ను విడిగా తగిలించాలి. బీప్‌ల అర్థం బయోస్‌ను బట్టి మారుతుంది. ఆ బోర్డు కరదీపికే ప్రమాణం. కొన్ని బోర్డుల మీద సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అనే నాలుగు చిన్న దీపాలు ఉంటాయి. వాటిలో ఏది వెలిగి ఆగిపోయిందో చూస్తే పరీక్ష ఎక్కడ నిలిచిపోయిందో తెలుస్తుంది.

ఇక్కడే వ్యతిరేక పరీక్ష ఉపకరిస్తుంది. ఉన్న ఒక్క ర్యామ్‌నూ తీసివేసి యంత్రాన్ని వెలిగించాలి. "ర్యామ్ లేదు" అని బోర్డు బీప్‌లతో ఫిర్యాదు చేస్తే బోర్డు, ప్రాసెసర్, బయోస్ ఆ మేరకు పనిచేస్తున్నట్టే; అనుమానం ర్యామ్ మీదికీ దాని స్లాట్ మీదికీ మళ్లుతుంది. ర్యామ్ లేకపోయినా బోర్డు నోరు మెదపకపోతే దోషం అంతకన్నా లోపలిది.

7. ఎస్‌ఎంపీఎస్ అనే ఉపాధి:

ఈ వ్యవహారంలో తడికట్టె వంటిది ఎస్‌ఎంపీఎస్. ఫ్యాన్ తిరుగుతోంది కాబట్టి అది మంచిదేననుకోవడం పెద్ద పొరపాటు. ఫ్యాన్‌కు కావలసింది స్వల్ప విద్యుత్తు; అసలు పరీక్ష భారం పడినప్పుడే. 1995లో ఇంటెల్ రూపొందించిన ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం ప్రధాన వోల్టేజీలలో తేడా 5 శాతం లోపు ఉండాలి. అంటే యంత్రం నడుస్తుండగా మల్టీమీటర్‌తో కొలిస్తే 12 వోల్టుల తీగలో 11.40 నుంచి 12.60 వరకు, 5 వోల్టుల తీగలో 4.75 నుంచి 5.25 వరకు, 3.3 వోల్టుల తీగలో 3.14 నుంచి 3.47 వరకు మాత్రమే ఉండాలి. వోల్టేజీలు కుదురుకున్నాక ఎస్‌ఎంపీఎస్ బూడిదరంగు తీగ ద్వారా "అంతా సవ్యం" అనే సంకేతం పంపుతుంది. అది అందకపోతే ప్రాసెసర్ పని మొదలుపెట్టదు. మీటర్ పట్టలేని క్షణిక హెచ్చుతగ్గులూ ఉంటాయి. అందుచేత మరో మంచి ఎస్‌ఎంపీఎస్‌తో నడిపి చూడటమే గట్టి పరీక్ష. ఎస్‌ఎంపీఎస్ పెట్టెను విప్పి చూడటం మాత్రం ప్రాణాపాయం. ప్లగ్ తీసిన తరువాత కూడా లోపలి కెపాసిటర్లలో విద్యుత్తు నిల్వ ఉంటుంది.

మొదటి బోర్డును కాల్చినది ఈ ఎస్‌ఎంపీఎస్సే అయితే రెండో బోర్డునూ, మూడో బోర్డునూ అదే కాలుస్తుంది. కాబట్టి సందేహాస్పదమైన ఎస్‌ఎంపీఎస్‌ను మంచి యంత్రానికి తగిలించి పరీక్షించరాదు. మంచి ఎస్‌ఎంపీఎస్‌నే అనుమానిత బోర్డుకు తగిలించాలి.

8. బోర్డే దోషి అయినప్పుడు:

మంచివని తేలిన ప్రాసెసర్, ర్యామ్, ఎస్‌ఎంపీఎస్‌లతో ఈ బోర్డు నడవకపోవడం, అవే భాగాలు సరిపోయే మరో బోర్డుతో నడవడం - ఈ రెండూ చూసినప్పుడే అన్వయ వ్యతిరేకాలు పూర్తవుతాయి. దోషం బోర్డులోనే ఉందని అప్పుడు నిశ్చయంగా చెప్పవచ్చు.

పాత బోర్డుకు బదులు అదే నమూనా పాత బోర్డు తెచ్చినప్పుడు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. 2000 దశకం తొలి సంవత్సరాలలో నాసిరకం కెపాసిటర్ల వల్ల అనేక సంస్థల బోర్డులు ఉబ్బి, కారి చెడిపోయాయి. ఒకే నమూనాకు చెందిన రెండు బోర్డులలో ఒకే లోపం ఉండటం అసంభవం కాదు. కెపాసిటర్ల తలలు చదునుగా ఉన్నాయో లేదో కొనేటప్పుడే చూసుకోవాలి.

వెంటనే బయటపడని లోపాలూ ఉంటాయి. 2011 జనవరి 31న ఇంటెల్ తన 6 శ్రేణి చిప్‌సెట్‌లో రూపకల్పన లోపం ఉందని స్వయంగా ప్రకటించింది. వాటిలో 3 గిగాబిట్ల సాటా పోర్టులు కాలక్రమంలో బలహీనపడతాయి. 6 గిగాబిట్ల పోర్టులు 0, 1 మాత్రం నిక్షేపంగా ఉంటాయి. మరమ్మతులకూ మార్పిడికీ 70 కోట్ల డాలర్లు ఖర్చవుతుందని అప్పట్లో ఆ సంస్థ అంచనా వేసింది. కొత్త పెట్టె విప్పి తీసినంత మాత్రాన బోర్డు నిర్దోషమని చెప్పలేమనడానికి ఇది నిదర్శనం. కాబట్టి తెర వెలిగిన తరువాత కూడా ప్రతి పోర్టునూ, ప్రతి ర్యామ్ స్లాట్‌నూ విడివిడిగా పరీక్షించి, మెమ్‌టెస్ట్86 వంటి సాధనంతో కొన్ని గంటలపాటు ర్యామ్‌ను పరిశీలించాలి. వాపసు గడువు ముగియక ముందే ఈ పని పూర్తికావాలి.

9. నమోదు అవసరం:

ఒకసారికి ఒక మార్పే చేయాలి. ఏ తేదీన ఏ భాగం మార్చారో, ఏం జరిగిందో రాసిపెట్టాలి. రెండు భాగాలు ఒకేసారి మార్చి యంత్రం నడిస్తే, నడిచిన కారణం తెలియకుండా పోతుంది. అమ్మకందారుతో మాట్లాడేటప్పుడు "పనిచేయడం లేదు" అన్న మాట కన్నా ఈ నమోదు బలమైనది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కూడా, పరీక్షించనిదే తేల్చలేని లోపం విషయంలో వస్తువును తగిన ప్రయోగశాలకు పంపే ఏర్పాటు చేసింది. అంటే చట్టం దృష్టిలో కూడా అనుమానం వేరు, నిరూపణ వేరు.

10. ముగింపు:

• రెండు బోర్డులతోనూ యంత్రం నడవకపోతే, మారకుండా ఉన్న భాగాలనే మొదట పరీక్షించాలి.
• పొత్తు, బిగింపు, విద్యుత్ సరఫరా - ఈ మూడూ సవ్యమని తేలాకే బోర్డును తప్పుపట్టాలి.
• అన్వయంతో పాటు వ్యతిరేకం కూడా చూసినప్పుడే నిర్ధారణ పూర్తవుతుంది.
• హార్డ్‌డిస్కులోని ఫైళ్లను భద్రపరచిన తరువాతే ఏ పరీక్షకైనా పూనుకోవాలి.
• యంత్రం తిరిగి నడిచిన తరువాత, అందులోని యూనికోడేతర ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చి, మూలప్రతితో సరిచూసుకోవాలి. ఆ నమూనా బోర్డు మరోసారి దొరుకుతుందన్న హామీ లేదు.