మీకు తెలుసా? రష్యా పల్లెజనాన్ని ప్రేమించిన కెమెరాలు

షోలాపూర్ మగ్గాల పేటల్లో సాంచాలు (మరమగ్గాలు) నడవడం మొదలైందంటే పక్కనున్నవాళ్లతో మాట్లాడాలన్నా గొంతు పెంచాల్సిందే. తరాల కిందట తెలంగాణ పల్లెలు విడిచి వలస వచ్చిన మన పద్మశాలీల బతుకు ఆ చప్పుడులోనే గడిచింది. ఆ పనిని, ఆ మనుషులను ఎవరైనా ఓపిగ్గా, ఇష్టంగా చూసి ఫొటోలు తీసి దాచి ఉంటే ఎంత బాగుండేది! రష్యాలో అలా చూసినవాళ్లు ఉన్నారు. రైతును, నూలు వడికే స్త్రీని, కార్ఖానాలో ముసలివాడైన మేస్త్రీని వెతుక్కుంటూ ఊరూరా తిరిగారు. మగ్గం నీడన పెరిగినవాళ్లకు ఆ సంగతులు పరాయివిగా అనిపించవు.

1. కెమెరా పుట్టకముందే ఒక రష్యన్ మన పక్క ఊళ్లు తిరిగాడు
వోల్గా ఒడ్డున ఉన్న త్వేర్ పట్టణపు వ్యాపారి అఫనాసీ నికితిన్. సుమారు 1469లో కొంకణ తీరంలోని చౌల్ రేవులో దిగి, జున్నర్ మీదుగా బహమనీల రాజధాని బీదర్ చేరాడు. కలబురగి పేరు అతని రాతల్లో ఉంది. షోలాపూర్‌కు దగ్గర్లోని ఆళంద్‌లో జరిగే పెద్ద సంత గురించి, అక్కడ గుర్రాలు అమ్మడం గురించి కూడా రాశాడు. దొరలు భోగభాగ్యాల్లో తేలుతుంటే పల్లె జనం కటిక పేదరికంలో ఉన్నారని గమనించాడు. 1957లో భారత్, సోవియట్ యూనియన్ కలిసి అతని ప్రయాణం మీద ‘పరదేశీ’ సినిమా తీశాయి. నర్గీస్, బల్‌రాజ్ సాహ్నీ అందులో నటించారు.

2. స్టూడియో గిరాకీ కన్నా వీధి మనుషులే అతనికి ముద్దు
విలియమ్ కారిక్ స్కాట్లండ్‌లో పుట్టి రష్యాలో పెరిగాడు. 1859లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో స్టూడియో తెరిచాడు. ఫొటో అంటే డబ్బున్నవాళ్ల ముచ్చటగా ఉన్న ఆ రోజుల్లో అతను పాలమ్మే స్త్రీలను, బండి తోలేవాళ్లను, వీధుల్లో తిరిగి సరుకులమ్మేవాళ్లను పిలిచి ఫొటోలు తీశాడు. 1871లో, మళ్లీ 1875లో సింబీర్స్క్ ప్రాంతపు పల్లెలకు వెళ్లి రైతుల మధ్య పనిచేశాడు. అప్పట్లో ఫొటో తీయడం ఎంత కష్టమంటే, గాజుపలకకు మందు పూసి, అది ఆరిపోకముందే ఫొటో తీసి, అక్కడికక్కడే కడగాలి. పల్లెకు పోతే పలకలు, మందు సీసాలు, చీకటి గుడారం అన్నీ వెంట మోసుకుపోవాల్సిందే.

3. వందేళ్ల కిందటి రష్యా పల్లెలు రంగుల్లో ఉన్నాయి
సెర్గెయ్ ప్రొకూదిన్ గోర్‌స్కీ 1863లో పుట్టాడు. రసాయన శాస్త్రం చదివాడు. రంగుల ఫొటో విద్య కోసం 1902లో బెర్లిన్ వెళ్లి అడాల్ఫ్ మీటె దగ్గర నేర్చుకున్నాడు. పద్ధతి ఇది: ఒకే దృశ్యాన్ని నీలం, ఆకుపచ్చ, ఎరుపు అద్దాల గుండా వెంటవెంటనే మూడుసార్లు తీయాలి. మూడు బొమ్మలూ పొడవాటి గాజుపలక మీద నలుపు తెలుపుల్లోనే పడతాయి. తర్వాత మూడింటినీ అవే రంగుల వెలుగుతో తెర మీద ఒకదానిపై ఒకటి కలిపితే అసలు రంగులు వస్తాయి. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు పెట్టి నేస్తే గుడ్డ మీద మూడో రంగు తేలడం చూసిన కళ్లకు ఈ కిటుకు ఇట్టే అర్థమవుతుంది.

మూడుసార్లు తీసేలోగా మనిషి కదిలితే అంచుల్లో రంగులు విడిపోతాయి. నది నీళ్ల మీద, కుదురుగా నిలబడలేని పిల్లల చుట్టూ ఎరుపు, నీలం, ఆకుపచ్చ చారలు ఆ ఫొటోల్లో ఇప్పటికీ కనిపిస్తాయి.

4. రైలు పెట్టెలో చీకటి గది
1909లో జార్ రెండో నికొలస్ ఆ రంగుల బొమ్మలు చూసి ముచ్చటపడ్డాడు. దేశమంతా తిరగడానికి అనుమతి పత్రాలిచ్చాడు. ఫొటోలు కడుక్కోవడానికి చీకటి గదితో ప్రత్యేకంగా ఒక రైలు పెట్టె సమకూర్చాడు. నదుల మీద తిరగడానికి పడవలు కూడా దొరికాయి. ప్రొకూదిన్ గోర్‌స్కీ 1915 వరకు వోల్గా తీరం, ఉరల్ కొండలు, మధ్య ఆసియా చుట్టివచ్చాడు. రాజు అండతో బయల్దేరిన మనిషి రాజభవనాల దగ్గర ఆగిపోలేదు. కోత కోసి గడ్డి మీద కూర్చుని సేదతీరుతున్న రైతులను, సమర్‌కంద్ బజారులో రంగురంగుల బట్టల మధ్య కూర్చున్న గుడ్డల వ్యాపారిని కూడా అంతే శ్రద్ధగా తీశాడు.

5. పళ్లు చేతబట్టుకుని నిలబడ్డ ముగ్గురు అమ్మాయిలు
అతని ఫొటోల్లో లోకమంతా ఎరిగినది 1909లో కిరీల్లవ్ పట్టణం దగ్గర, షెక్స్నా నది ఒడ్డు పల్లెలో తీసినది. దుంగలతో కట్టిన ఇంటి ముందు ముగ్గురు రైతు పిల్లలు వరసగా నిలబడ్డారు. తల మీద రుమాళ్లు, ఒంటి మీద ముదురు రంగుల బట్టలు, చేతుల్లో వచ్చినవాళ్లకు పెట్టడానికి చిన్న చిన్న అడవి పళ్లు. ముఖాల్లో నవ్వు లేదు, భయమూ లేదు. కొత్త మనిషి కళ్లలోకి సూటిగా చూస్తున్నారు. ఇంటికొచ్చినవాడికి ముందు ఏదో ఒకటి తినడానికి పెట్టే పల్లె మర్యాద ఆ ఒక్క ఫొటోలో చాలు.

6. నూలు వడికే ఆమె కూడా ఉంది
1910లో ఎగువ వోల్గా ప్రాంతంలోని ఇజ్వెదొవో అనే పల్లెలో నూలు వడుకుతున్న స్త్రీని ప్రొకూదిన్ గోర్‌స్కీ రంగుల్లో తీశాడు. కోటలు, చర్చిలు, వంతెనలు ఉన్న ఆల్బమ్‌లోనే ఆమెకూ చోటిచ్చాడు. మన ఇళ్లలో రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టి చుట్టి నడుము వంగిపోయిన అవ్వల ఫొటోలు ఎన్ని ఇళ్లలో ఉన్నాయి? పెళ్లి ఫొటోలు ఉంటాయి. పనిలో ఉన్న ఫొటో అరుదు.

7. ఫొటో కింద పనివాడి పేరు, వయసు, సర్వీసు
నన్ను అన్నిటికన్నా కదిలించిన సంగతి ఇదే. 1909లో ఒక నీటి తూము దగ్గర తెల్లగడ్డం పర్యవేక్షకుణ్ని తీసి, కింద వివరం ఇచ్చాడు: పీన్ఖుస్ కర్లీన్‌స్కీ, వయసు 84, సర్వీసు 66 ఏళ్లు. 1910లో జ్లతఊస్త్ కార్ఖానాలో అంద్రేయ్ కల్గానోవ్‌ను తీశాడు. వయసు 72, పనిచేసింది 55 ఏళ్లు. జార్‌కు రొట్టె, ఉప్పు అందించి స్వాగతం పలికే భాగ్యం ఆయనకు దక్కిందని కూడా రాశాడు. రొట్టె, ఉప్పు ఇచ్చి ఆహ్వానించడం రష్యన్ల ఆచారం. ఇంకో ఫొటోలో అదే తాత తన కొడుకుతో, మనవరాలితో నిలబడ్డాడు. వాళ్లిద్దరూ అదే కార్ఖానాలో పనివాళ్లు. ఒకే ఇంట్లో మూడు తరాలు ఒకే పని! షోలాపూర్ మగ్గాల ఇళ్లకు ఈ లెక్క ఎవరూ వివరించి చెప్పనక్కర్లేదు.

8. టాల్‌స్టాయ్ రంగుల ఫొటో తీసిందీ ఆయనే
1908లో యాస్నయ పొల్యానా పల్లెలో రైతు చొక్కా తొడుక్కుని కూర్చున్న టాల్‌స్టాయ్‌ని ప్రొకూదిన్ గోర్‌స్కీ తీశాడు. అదే ఏడాది చివర్లో టాల్‌స్టాయ్ ఒక భారతీయుడికి రాసిన లేఖను తర్వాత గాంధీజీ గుజరాతీలోకి అనువదించారు. ఆ రచయిత బట్టల్లో, బతుకులో ఉన్న పల్లె పట్ల ప్రేమ ఆ ఫొటోలోనూ కనిపిస్తుంది.

9. రష్యాను చూసిన కెమెరా గాంధీజీ రాట్నాన్నీ చూసింది
అమెరికన్ ఫొటోగ్రాఫర్ మార్గరెట్ బూర్క్ వైట్ 1930లో సోవియట్ దేశం వెళ్లి అక్కడి కార్మికులను, కార్ఖానాలను తీసి, మరుసటి ఏడాది పుస్తకం వేసింది. 1946లో రాట్నం పక్కన కూర్చుని చదువుకుంటున్న గాంధీజీ ఫొటో ఆమె తీసినదే. ఆ ఫొటో తీయాలంటే ముందు నూలు వడకడం నేర్చుకోమని గాంధీజీ సహాయకులు షరతు పెట్టారు. ఆమె నేర్చుకుంది. పని తెలియకుండా పనివాడి ఫొటో తీయడం కుదరదన్న ఆ షరతు ఎంత న్యాయమైనది!

10. యుద్ధం తర్వాత మామూలు మనుషుల కోసం వెళ్లిన ఇద్దరు
1947లో రచయిత జాన్ స్టైన్‌బెక్, ఫొటోగ్రాఫర్ రాబర్ట్ కాపా కలిసి సోవియట్ యూనియన్ తిరిగారు. రాజకీయాలు పక్కన పెట్టి అక్కడి జనం ఏం తింటున్నారు, ఎలా బతుకుతున్నారు అన్నదే చూడాలనుకున్నారు. ఉక్రెయిన్‌లోని ఉమ్మడి వ్యవసాయ పల్లెల్లో, నేలమట్టమైన స్టాలిన్‌గ్రాడ్‌లో, జార్జియాలో తిరిగారు. 1948లో వచ్చిన వాళ్ల పుస్తకంలో, ఉన్నదంతా అతిథి ముందు పెట్టే ఆడవాళ్లు, శిథిలాల కింది నేలమాళిగల్లో కాపురాలు కనిపిస్తాయి.

11. బట్టల మిల్లుల ఊళ్లకు ఒకే రకం చరిత్ర
మాస్కోకు ఈశాన్యాన ఇవానొవో అనే బట్టల మిల్లుల ఊరు ఉంది. 1905 మే నెల సమ్మెలో అక్కడి మిల్లు కార్మికులు ఎన్నుకున్న మండలిని రష్యాలో తొలి సోవియట్‌గా చెప్పుకుంటారు. మన షోలాపూర్ కూడా అలాంటి మిల్లుల ఊరే. 1930 మే నెలలో ఇక్కడి జనం బ్రిటిష్ ప్రభుత్వానికి ఎదురు తిరిగారు. ఊళ్లో మార్షల్ లా పెట్టారు. 1931 జనవరి 12న నలుగురు షోలాపూర్ బిడ్డలను ఉరితీశారు.

12. ఆ పల్లెలు తెలుగులో మన ఇంటికి వచ్చాయి
‘సోవియట్ భూమి’ పత్రిక తెలుగులో వచ్చేది. దాని నున్నటి కాగితం మీద గోధుమ చేలు, మంచు ఊళ్లు చూసినవాళ్లు, తర్వాత ఆ కాగితాన్నే పిల్లల పుస్తకాలకు అట్టలేసినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి వంటివారు మాస్కోలో ఉండి రష్యన్ పుస్తకాలను తెనిగించారు. విశాలాంధ్ర దుకాణాల్లో అవి కారుచౌకగా దొరికేవి.

13. మన పల్లెకూ అలాంటి ప్రేమికుడు దొరికాడు
వరంగల్‌లో పుట్టిన గుడిమళ్ల భరత్ భూషణ్ తెలంగాణ పల్లె ముఖాలను, పాత ఇళ్ల తలుపులను, బతుకమ్మలను దశాబ్దాల పాటు కెమెరాలో పట్టారు. 2022లో కన్నుమూశారు. షోలాపూర్ వీధుల్లో బతుకమ్మ ఆడే ఆడపడుచులకు ఆయన ఫొటోలు సొంత ఊరి గాలి లాంటివి.

14. ఆ గాజుపలకలు ఇప్పుడు అందరివీ
ప్రొకూదిన్ గోర్‌స్కీ 1918లో రష్యా విడిచి, 1944లో పారిస్‌లో చనిపోయారు. 1948లో ఆయన కొడుకుల దగ్గర అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఆ సేకరణను కొన్నది. అందులో 1,902 గాజు నెగటివ్‌లు ఉన్నాయి. వాటన్నిటినీ ఇంటర్నెట్‌లో పెట్టింది. ఫోన్ ఉన్న ఎవరైనా ఉచితంగా చూడొచ్చు.

ఇక మనం చేయాల్సిన పని ఒకటుంది. నీటి తూము దగ్గరి ఒక ముసలి పర్యవేక్షకుడి పేరు, వయసు, సర్వీసు ఎవరో రాసిపెట్టబట్టే 1909 నాటి ఆ మనిషి మనకు తెలుసు. మన సాంచాల మీద, జకార్డ్ చద్దర్ల మీద 40, 50 ఏళ్లు వెచ్చించిన తాతలు, కండెలు చుట్టిన అవ్వలు, బీడీలు చేసిన అమ్మలు ఇంకా మన మధ్యే ఉన్నారు. వాళ్లను అడిగి, పనిలో ఉండగా ఫొటో తీయండి. ఫోన్‌లోనే వదిలేయకుండా ప్రింటు వేయించండి. వెనక పెన్సిల్‌తో పేరు, వయసు, సొంత ఊరు, ఎన్నేళ్లు ఏ పని చేశారో రాయండి. ఈ వారమే మొదలుపెట్టండి.