కుండీ మల్లె పూయడం మానేసిందా? వేరు కత్తిరించండి

వాకిట్లో కుండీలో పెట్టిన మల్లె మొదట్లో బుట్టెడు పూసి, ఇప్పుడు ఆకు తప్ప మొగ్గ వేయడం లేదా? ఎరువు వేసినా, నీళ్లు పోసినా లాభం లేదా? అయితే లోపం పైన లేదు, కుండీ లోపల ఉంది.

ఇలా గుర్తించండి

అడుగు రంధ్రంలోంచి వేళ్లు బయటికి వస్తాయి. పోసిన నీరు ఇట్టే జారిపోతుంది. పొద్దున తడిపినా మధ్యాహ్నానికి ఆకు వాలుతుంది. అంటే వేళ్లు కుండీ గోడ వెంట చాపలా అల్లుకున్నాయన్న మాట.

అదను ఎప్పుడు?

మల్లె కొత్త చిగుళ్ల మీదే పూస్తుంది. అందుకే తోటల్లో చలికాలంలో నీరు ఆపి, జనవరిలో కొమ్మలు కత్తిరిస్తారు. కుండీ మల్లెకూ అదే అదను. మొగ్గ మీద ఉన్నప్పుడు, ముదురు ఎండల్లో వేరు ముట్టుకోవద్దు.

ఎలా చేయాలి?

ముందురోజు కొద్దిగా తడపండి. కుండీని పక్కకు పడుకోబెట్టి, చుట్టూ తట్టి మట్టిగడ్డతో సహా చెట్టును లాగండి. పదునైన కత్తితో చుట్టూ, అడుగున ఉన్న వేళ్లను మూడో వంతుకు మించకుండా కోయండి. కుళ్లిన వేళ్లు తీసేయండి. మొదలు దగ్గరి లావు వేళ్ల జోలికి పోవద్దు.

రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక కలిపి, గుప్పెడు వేపపిండి చేర్చండి. రంధ్రం మీద పెంకు ముక్క పెట్టి, చెట్టును మునుపటి లోతులోనే నాటండి. పైన రెండు అంగుళాలు ఖాళీ వదిలితే నీరు నిలుస్తుంది. పాత కుండీయే చాలు, కొత్తది కొననక్కర్లేదు.

కొమ్మ కూడా తగ్గించాలి

‘వేరు కోస్తే చెట్టు చావదా?’ అని చాలామందికి భయం. నీరు పీల్చేది సన్నటి పీచు వేళ్లే. కోసిన చోట అవి మళ్లీ పుడతాయి. అయితే కొమ్మలను కూడా మూరెడు ఎత్తుకు కత్తిరించి, ఆకు దూసేయాలి. లేకుంటే ఆకులకు కావలసినంత నీరు వేళ్లు అందించలేక చెట్టు వాడిపోతుంది.

పది రోజులు నీడలో ఉంచండి. చిగురు వచ్చేదాకా యూరియా వంటివి వేయకండి, కోసిన వేళ్లు మాడతాయి.

నాలుగు కుండీలుంటే ఈ ఏడు రెండింటికే చేయండి. ఒకవేళ చెయ్యి తప్పినా వేసవిలో ఇంట్లో పూలకు లోటుండదు. రెండు మూడేళ్లకోసారి ఒక్క పూట పని ఇది. జాగా లేని ఇంటికి కుండీయే పెరడు కదా!