పలుగు పట్టే ముందు

పాత పెంకుటింటిని బాగుచేయించుకోవాలంటే ముందుగా కావాల్సింది డబ్బు కాదు, ఒక వానాకాలం

వాన జోరందుకుంటే మా పెద్దమ్మ గిన్నెలు సర్దడం మొదలుపెడుతుంది. నడవలో సత్తు గిన్నె, వంటింటి గుమ్మం దగ్గర బకెట్టు, దేవుడి గూటి ముందు ఇత్తడి చెంబు. చుక్క ఎక్కడ పడుతుందో పైకి చూడకుండానే చెప్పగలదు. మాడుగులలోని ఆ ఇంటిని బాగుచేయించాలని మేమంతా టేపు, కాగితం పట్టుకుని కూర్చున్నాం కానీ, ఇంటి అసలు లెక్క ఆమె దగ్గరే ఉంది.

మాడుగుల పాడేరు కొండలకు దిగువన ఉన్న ఊరు. 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లాలో ఉంది. హల్వాతో పేరు మోసిన ఈ ఊళ్లో వీధి అరుగులు, పెంకు కప్పులు ఇంకా మిగిలే ఉన్నాయి. విశాఖలోనో హైదరాబాద్‌లోనో స్థిరపడిన పిల్లలు సంక్రాంతికి వచ్చి కప్పు వైపు చూస్తారు. ‘పడగొట్టి స్లాబు వేసేద్దాం’ అన్న మాట ప్రతి ఇంట్లోనూ వినిపించేది అప్పుడే.

గోడ మోయగలిగినంతే

మేము పిలిపించిన తాపీ మేస్త్రీ ముందుగా కప్పు జోలికి పోలేదు. గోడ మూల కాస్త గీరి, రాలిన మట్టిని వేళ్ల మధ్య నలిపి చూశాడు. “ఇది మట్టి అడుసుతో కట్టిన గోడ బాబూ, స్లాబుని మొయ్యదు” అన్నాడు.

ఆ మాట వెనుక లెక్క ఉంది. 5 అంగుళాల కాంక్రీటు స్లాబు చదరపు మీటరుకు 300 కిలోలకు పైగా తూగుతుంది. మనం బెంగుళూరు పెంకు అని పిలుచుకునే మంగుళూరు పెంకు కప్పు, రీపర్లతో కలిపి, అందులో సుమారు ఐదో వంతే. అంటే పదడుగుల గదిపై స్లాబు వేస్తే గోడల మీద దాదాపు 3 టన్నులు పడతాయి. స్లాబు కావాలంటే కొత్త పునాది, పిల్లర్లు, బీములు కూడా అంచనాలోకి రావాలి. వరుస ఇళ్లలో మరో చిక్కుంది. మధ్య గోడ ఉమ్మడిది, పక్కింటి దూలం కూడా దాని మీదే ఆని ఉంటుంది. మేస్త్రీకి అడ్వాన్సు ఇచ్చే ముందే పక్కింటి వాళ్లతో కూర్చుని మాట్లాడుకోవాలి.

సున్నం గోడకు సిమెంటు పూత

కొన్నేళ్ల క్రితం మా వంటింటి గోడ పెచ్చులూడుతోందని సిమెంటు పూత వేయించాం. రెండు వానలకే ఉబ్బి రాలిపోయింది. తప్పు మాదే. మట్టిగోడ, సున్నపు గోడ నేలలోంచి చెమ్మ లాగుతాయి, మళ్లీ గాలిలోకి వదిలేస్తాయి. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. చెమ్మ లోపలే నిలిచి, ఉప్పు పూసి, పూతను తోసేస్తుంది. అలాంటి గోడకు సున్నమే మందు. అంతకంటే ముందు చూరు నీళ్లు గోడ మొదట్లో నిలవకుండా కాలువ తీయాలి.

దూలం సంగతి తేల్చడానికి స్క్రూడ్రైవరు చాలు. కొస గోడలోకి దూరిన చోట గుచ్చి చూడాలి. దిగబడితే చెద పట్టినట్టో, పుచ్చినట్టో. గట్టిగా నిలిచిందంటే ఆ కర్రను వదులుకోవద్దు. పాత టేకు దూలం మంచి ద్వారబంధం అవుతుంది.

పాత పెంకుకు కొత్త పని

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ప్రాంతం మీద విరుచుకుపడింది. ఆ గాలిని మరిచిపోయి ప్లాను గీయకూడదు. గాలి ముందు లేపేది చూరునూ కొప్పునూ. ఆ వరసల పెంకులను తీగతో రీపర్లకు కట్టించాలి. మన పెద్దలకు గాలి సంగతి బాగా తెలుసు. విశాఖ తీరంలోని హరిపురం నుంచి చెన్నై దగ్గరి దక్షిణచిత్ర మ్యూజియానికి చేరిన చుట్టిల్లు గుండ్రంగా ఉండటానికి కారణం అదే. మూలలు లేని గోడను గాలి చుట్టి పోతుంది.

స్లాబే వేసుకునేవాళ్లు కూడా పెంకులను పారబోయనక్కర్లేదు. కేరళలో ఆర్కిటెక్టు లారీ బేకర్ స్లాబు కింది భాగంలో, ఇనుప చువ్వల మధ్య పాత పెంకులు పేర్చి కాంక్రీటు పోయించేవారు. కాంక్రీటు తగ్గుతుంది, బరువూ తగ్గుతుంది. అయితే చువ్వల లెక్క ఇంజనీరుతోనే వేయించాలి.

ఏడాది పట్టనివ్వండి

జూన్ నుంచి అక్టోబరు దాకా వాన చూడండి. కారిన చోటల్లా గోడ మీద బొగ్గుతో గుర్తు పెట్టండి. నవంబరు, డిసెంబరుల్లో ప్లాను, అంచనా, పంచాయతీ అనుమతి, అన్నదమ్ముల మధ్య వాటాల మాట తేల్చుకోండి. సంక్రాంతి వెళ్లగానే పని మొదలైతే మే నెలాఖరుకు కప్పు పూర్తి కావాలి. కప్పు తర్వాత వైరింగు, పైపులు, ఆపైన పూత, నేల, చివరికి రంగులు. వరస తప్పితే వేసిన గోడనే మళ్లీ తవ్వుకోవాలి. పాత ఇంట్లో ఎర్తింగు ఉందో లేదో తప్పకుండా చూపించండి.

అంచనాలో ప్రతి వంద రూపాయలకు ఇంకో పదిహేను విడిగా ఉంచుకోండి. పాత గోడ తెరిస్తేగానీ లోపలి సంగతి బయటపడదు. మేస్త్రీతో ఏ పనికి ఎంత, ఎప్పుడు అన్నది కాగితం మీద రాసుకుంటే ఇద్దరికీ గౌరవం.

చివరికి ఆ రోజు ప్లాను మీద మొదటి గీత పెద్దమ్మే గీయించింది. “రాత్రిపూట పెరట్లోకి వెళ్లలేకపోతున్నాను నాయనా” అంది మెల్లగా. అన్నేళ్లుగా కారే కప్పు గురించే మాట్లాడిన మాకు ఆ సంగతి తోచనే లేదు. ఆమె గదికి ఆనుకుని బాత్రూమ్, మెట్టు లేని గుమ్మం, పట్టుకోవడానికి గోడకు ఒక కడ్డీ. వాటి తర్వాతే కప్పు. వీధి అరుగును మాత్రం ఎవరూ ముట్టుకోకూడదని అందరం ఒప్పుకున్నాం. సాయంత్రం ఆమె కూర్చునేది అక్కడే.