సెకండ్ హ్యాండ్ పడవ మోటారా? ముందు చెయ్యి పెట్టి చూడండి!

జగిత్యాలలో పాత బైక్ కొంటానని ఒక్క మాట అనండి, సాయంత్రంలోగా పదిమంది సలహాలు చెప్తారు. అదే పాత పడవ మోటార్ అంటే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. మా మేనమామ కోసం ఈ మధ్య అదే వెతకాల్సి వచ్చింది. ఆయనది సిరిసిల్ల దగ్గర మిడ్ మానేరు ముంపు ఊరు. ఇల్లు నీళ్లలో పోయింది, ఉండేది కాలనీలో, బతుకు చేపల మీద.

మాన్వాడ దగ్గర కట్టిన ఈ ప్రాజెక్టుకు శ్రీ రాజరాజేశ్వర జలాశయమని పేరు పెట్టారు. నిండితే దాదాపు 26 టీఎంసీలు. ఒకప్పుడు వాగు ఒడ్డున వల విసిరినవాళ్లు ఇప్పుడు కిలోమీటర్ల కొద్దీ తెడ్డు వేయాలి. ఎదురుగాలి లేస్తే యాభై దాటిన భుజాలతో ఒడ్డు చేరడం మాటలు కాదు. అందుకే మోటార్. కొత్తది కొనే స్తోమత లేదు.

రెండు దొరికాయి. ఒకటి కాకినాడ వైపు సముద్రంలో తిరిగిన 9.9 హార్స్‌పవర్ ఫోర్-స్ట్రోక్, పెయింట్ మెరుస్తోంది. ఇంకోటి 15 హార్స్‌పవర్ టూ-స్ట్రోక్, నా కంటే పాతదేమో, మూత నిండా గీతలే. కానీ మంచినీళ్లలోనే తిరిగింది.

ఫోర్-స్ట్రోక్ ఒక్క గుంజుడుకే లేచింది. "గిదే తీస్కుందాం అల్లుడా, జబర్దస్త్ ఉన్నది" అన్నాడు మామ. కానీ తాడు గుంజకముందే నేను మూత తీసి ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూశా. వెచ్చగా ఉంది. అంటే మేం వచ్చేలోపే నడిపి పెట్టారన్నమాట. వేడి ఇంజన్ ఎవరికైనా లేస్తుంది. చల్లగా ఉన్నప్పుడే దాని అసలు రంగు బయటపడేది. 'మేం వచ్చేదాకా స్టార్ట్ చేయకండి' అని ముందే ఫోన్‌లో చెప్పండి.

అవుట్‌బోర్డ్‌కు రేడియేటర్ ఉండదు, కింద నుంచి నీళ్లు తోడుకుని చల్లబడుతుంది. అందుకే నీళ్ల డ్రమ్ములో దింపకుండా నడపొద్దు, లోపలి రబ్బర్ ఇంపెల్లర్ కాసేపట్లోనే పాడవుతుంది. నడుస్తుంటే పక్క నుంచి సన్నటి నీటిధార గట్టిగా కొట్టాలి. ఇందులో చుక్కలే కారాయి. ఇంపెల్లర్ అరిగితే మార్చుకోవచ్చు. ఉప్పు పేరుకుని లోపలి దారులే మూసుకుపోతే? అది పైకి కనపడదు. కింద గేర్ కేస్ స్క్రూ వదులు చేస్తే పాలు ఎక్కువైన చాయ్ రంగులో ఆయిల్ వచ్చింది. నీళ్లు కలిశాయి. ప్రొపెల్లర్‌కు వల దారం చుట్టుకుంటే సీల్ కోసుకుపోతుంది, చేపల పడవల్లో ఇది మామూలే.

మాతో వచ్చిన కోరుట్ల మెకానిక్ అవుట్‌బోర్డ్ మనిషి కాదు. పసుపు, మామిడి రైతుల పవర్ స్ప్రేయర్లు బాగుచేస్తాడు. 1996లోనే తయారీ ఆగినా జనం ప్రాణంగా చూసుకునే ఆర్‌ఎక్స్ 100లు కూడా. అన్నీ టూ-స్ట్రోకే. గీతల మోటార్ ప్లగ్గులు ఊడదీసి కంప్రెషన్ గేజ్ పెట్టాడు. రెండు సిలిండర్ల మధ్య తేడా 10 శాతం దాటొద్దు. ఇక్కడ దాదాపు సమానం. చల్లటి ఇంజన్, నాలుగో గుంజుడుకు లేచింది, గుప్పున పొగ.

"అన్నా, ఇది ఖరాబైతే నేను చేస్త. అదైతే నాతోని కాదు" అన్నాడు. నాకైతే అక్కడే తేలిపోయింది. నడినీళ్లలో ఆగిపోయే మోటార్‌కు తయారైన సంవత్సరం కంటే దగ్గర్లో ఉన్న మెకానిక్ ముఖ్యం.

అలాగని టూ-స్ట్రోక్‌ను నెత్తిన పెట్టుకోను. లీటర్ పెట్రోల్‌కు 20 మిల్లీలీటర్ల ఆయిల్ కలపాలి, మరీ పాతవాటికి ఇంకా ఎక్కువ. పాత కార్బురేటర్ రకాల్లో దాదాపు పావు వంతు పెట్రోల్ కాలకుండానే బయటికి పోతుంది. పోయేది నీళ్లలోకే. ఆ ఫోర్-స్ట్రోక్ మంచినీళ్లలో తిరిగినదై, గేర్ ఆయిల్ శుభ్రంగా ఉండుంటే, బరువు ఎక్కువైనా దానికే ఓటేసేవాణ్ణి.

పడవ వెనక పలక ఎత్తు కొలిచాకే బేరం ఆడండి. షాఫ్ట్‌లు 15 అంగుళాలవీ ఉంటాయి, 20వీ ఉంటాయి. 2021 ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం ప్రకారం మోటార్ పడవకు రిజిస్ట్రేషన్ ఉండాలి. లైఫ్ జాకెట్ సంగతి వేరే చెప్పాలా!

మిడ్ మానేరులో ఇంకో తిరకాసుంది. నీళ్ల కింద కొదురుపాక, నీలోజిపల్లి లాంటి ఊళ్లున్నాయి. మట్టం తగ్గినప్పుడు గోడలు, చెట్ల మొద్దులు ప్రొపెల్లర్‌కు తగులుతాయి. అందుకే కొనేముందు ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పి, షాఫ్ట్ వంగిందేమో చూడాలి. ఏ గోడ ఎక్కడుందో మామకు మ్యాప్ అక్కర్లేదు. తన పాత వాడకట్టు రాగానే మోటార్ పైకెత్తి, తెడ్డు అందుకుంటాడు.