నోటీసులో లేని వాక్యం
దళితవాడ నుంచి వచ్చి, తన వంశంలో తొలిసారి నగరంలో ఇల్లు కొన్న నా పూర్వ విద్యార్థి బ్యాంకు స్వాధీన నోటీసు పట్టుకొచ్చాడు. అప్పటికే 38 రోజులు గడిచాయి. 2002 నాటి సర్ఫేసీ చట్టం 17వ సెక్షన్ కింద రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌ను ఆశ్రయించడానికి గడువు 45 రోజులే. చుట్టాల్లో వకీళ్లున్న కులాలకు ఈ లెక్క మొదటి సాయంత్రమే తెలిసిపోతుంది.

అతని అభ్యంతర లేఖకు బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి, ఇవ్వలేదు. లేఖ పంపిన రిజిస్టర్డ్ పోస్టు రసీదు కోసం ఇల్లంతా గాలించాం. బీరువాలో పరిచిన పాత పేపరు కింద దొరికింది.

ఎస్సీ, ఎస్టీలు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులని 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. అది ట్రిబ్యునళ్లకూ వర్తిస్తుంది. ఆ ఒక్క వాక్యాన్ని ప్రతి నోటీసులోనూ తెలుగులో అచ్చు వేయించాలి.

44వ రోజున దరఖాస్తు వేశాం. సోమవారం విచారణ. కాగితాలను తేదీల వారీగా పేరుస్తున్నాం.